పరీక్షకు నిలిచినవారు

భిలాయి ఉక్కు కర్మాగారపు పరీక్షాశాలలో నేను గడిపిన 32 సంవత్సరాలలో నా చేతిమీదుగా విరిగిన ఉక్కుముక్కలకు లెక్క లేదు. కొలిమినుండి ఒక విడతగా వెలువడిన ఉక్కును మా వాడుకలో హీట్ అంటారు. ఆ ఉక్కుతో తయారైన రైలుపట్టాలనుండి నియమం ప్రకారం ముక్కలు కోస్తాము. ఒక ముక్కను రెండు కొసలా పట్టి తెగేదాకా సాగదీస్తాము. ఒకదానిని రెండు ఆధారాలపై నిలిపి ఎత్తునుండి పెద్ద దిమ్మెను దానిమీదికి వదలుతాము. ఇంకొకదానిని అద్దమువలె సానపట్టి, ఆమ్లం పూసి, దాని లోపలి అల్లికను చూస్తాము. పరీక్షకు లోనైన ముక్క మరి రైలుమార్గానికి పోదు. అది తిరిగి తుక్కులో కలుస్తుంది. అది తుక్కయినందువలననే తక్కిన పట్టామీద బండి నిర్భయంగా నడుస్తుంది.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా ఈ సంగతి నా మనస్సులో మెదలుటకు కారణం నా మిత్రుడు. ఆయన నాతోపాటు అదే పరీక్షాశాలలో, పక్క బల్లమీద పనిచేసినాడు. కాంకేర్ ప్రాంతపు పల్లెలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, ఐ.టి.ఐ. పూర్తిచేసి వచ్చినవాడు. మాటలాడేది తక్కువ. ఒక చలికాలపు సాయంకాలం సివిక్ సెంటరు దగ్గర టీ త్రాగుతూ, జేబులోనుండి మందుల చీటీ తీసి నాకు చూపినాడు.

“రావ్‌జీ, ఒక పట్టాను బయటికి పంపుటకు మనం ఇన్ని ముక్కలు విరిచినాము గదా. ఈ మందును నా మనుమరాలికి రోజూ వేయుమంటున్నారు. దీనిని ఎవరిమీద విరిచి చూచినారు?”

(భిలాయిలో తెలుగువాడు ప్రతివాడూ రావ్‌జీయే. ఇంటిపేరు ఏదైనప్పటికీ, పేరు చివర రావు లేకపోయినప్పటికీ, ఈ బిరుదు తప్పదు. దీనికి నేను ఎన్నడో అలవాటుపడినాను.)

ఆ పిల్లకు తొమ్మిదేండ్లు. ఆమెకున్న వ్యాధిని వైద్యులు సికిల్ సెల్ వ్యాధి అంటారు; ఛత్తీస్‌గఢ్ పల్లెలలో సిక్లింగ్ అంటే అందరికీ తెలుస్తుంది. హీమోగ్లోబిన్ అనే రక్తపదార్థంలో ఒకే ఒక్క అణుఖండం మారిపోవుటచేత ఎఱ్ఱకణం గుండ్రని ఆకారం విడిచి కొడవలివలె వంగుతుంది. మామూలు కణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది; ఈ కణం పది ఇరవై రోజులలోనే నశిస్తుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాలలో చిక్కుకొన్నప్పుడు ఎముకలలో పుట్టే నొప్పిని ఆ పిల్ల ‘లోపల ఎవరో పిండుతున్నారు’ అని చెబుతుంది. చలిగాలికి వస్తుంది, జ్వరానికి వస్తుంది, చాలినంత నీరు త్రాగకపోతే వస్తుంది. ఏ కారణమూ లేకుండా కూడా వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఈ లక్షణాన్ని రక్తంలో మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సంక్రమించే అవకాశం నాలుగింట ఒకటి. మన దేశంలో ఇది ఉన్నదని 1952లో నీలగిరి గిరిజనుల రక్తాన్ని పరీక్షించిన లెమాన్, కట్‌బుష్ అనే శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపినారు. మధ్య భారతపు అడవులలోను మైదానాలలోను ఇది ఎంత విస్తరించి ఉన్నదో తరువాత తరువాత తెలిసివచ్చినది. 2023 జులై 1వ తేదీన షహడోల్‌లో ప్రధానమంత్రి దీని నిర్మూలనకు ఒక జాతీయోద్యమాన్ని ప్రారంభించినారు.

చీటీమీద ఉన్న మందు పేరు హైడ్రాక్సీయూరియా. మందులషాపు కుఱ్ఱవాడు తెలిసినవాడుగదా అన్న చనువుతో, “ఇది క్యాన్సరు మందు గదా దాదాజీ, పిల్లకెందుకు?” అని అడిగినాడట. ఆ ఒక్క మాటతో మూడువారాలుగా మందు కొనలేదు. పిల్ల తల్లి మాత్రం కొనమని పోరుపెడుతున్నది. ఆయన సందేహాన్ని నేను తీర్చగలనని కాదు. నేను ఇంగ్లీషు కొంచెం చదువగలవాడిననే నమ్మకంతో చీటీ నా చేతిలో పెట్టినాడు.

వైద్యుడు ఆయనకు ఏమీ చెప్పలేదనలేను. మందు మంచిదేననీ, నెలనెలా రక్తం పరీక్ష చేయించుమనీ చెప్పినాడు. కాని నా మిత్రుడు అడిగినది మందు మంచిదా కాదా అని కాదు. మంచిదని ఎవరికి, ఎట్లా తెలిసినదని. 32 ఏండ్లు పరీక్షాశాలలో నిలిచినవానికి వేరొక ప్రశ్న పుట్టదు.

నేను చదివి తెలిసికొన్న కథ ఇది. హైడ్రాక్సీయూరియాను 1869లోనే జర్మనీలో తయారుచేసినారు. చాలాకాలం అది ఎవరికీ పనికిరాలేదు. ఇరవయ్యవ శతాబ్దిలో కొన్ని రక్తపు క్యాన్సర్లలో కణాల పెరుగుదలను అణచుటకు వాడినారు. షాపు కుఱ్ఱవాని మాట అంతవరకు నిజమే. ఇక రెండవ దారినుండి మరొక సంగతి నడిచి వచ్చినది. ఈ వ్యాధితో పుట్టిన పసిబిడ్డలకు మొదటి కొన్ని నెలలు బాధ ఉండదు. తల్లి గర్భంలో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ వేరు. అది ఉన్నంతకాలం కణం వంగదు. జేనెట్ వాట్సన్ అనే వైద్యురాలు 1948లో ఈ సంగతి గమనించినది. హైడ్రాక్సీయూరియా పెద్దవారి రక్తంలో కూడా ఆ శిశు హీమోగ్లోబిన్‌ను కొంత పెంచుతుందని తేలినప్పుడు రెండు దారులూ కలిసినవి.

కలిసినంతమాత్రాన మందు కాదు. అమెరికా, కెనడాలలోని 21 చికిత్సాలయాలలో, సంవత్సరానికి మూడుసార్లకు తక్కువ కాకుండా తీవ్రమైన నొప్పితో బాధపడుతున్న 299 మంది పెద్దవారిని పోగుచేసినారు. వారిలో 152 మందికి ఈ మందు, 147 మందికి అదే రూపంలో ఉన్న ఉత్త మందు ఇచ్చినారు. ఎవరికి ఏది అన్నది వైద్యుడు నిర్ణయించలేదు, రోగి కోరలేదు. చీటీ వేసినట్లు కేవలం యాదృచ్ఛికంగా నిర్ణయమైనది. సగటు రోగికి సంవత్సరానికి వచ్చే నొప్పి ఉత్త మందువారిలో 4.5 సార్లు, అసలు మందువారిలో 2.5 సార్లు. 1995లో ఈ ఫలితం ప్రకటితమైనది. 1998లో అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధికి ఆ మందును అనుమతించినది.

ఇదంతా మైత్రీబాగ్ దగ్గర ఒక బల్లమీద కూర్చుండి ఆయనకు చెప్పినాను. సంతోషిస్తాడనుకొన్నాను. ఆయన ముఖం ఎఱ్ఱబడినది.

“147 మంది నొప్పితో మెలికలు తిరుగుతుంటే తెలిసి తెలిసి వారికి పిండి మందు ఇచ్చినారా?”

ఇది తేలికగా కొట్టిపారవేయదగిన కోపం కాదు. ఈ విషయంమీద వ్రాసేవారు చాలామంది ఈ చోటనే వడివడిగా దాటిపోతారు. నేను ఆ సాయంకాలం తగిన సమాధానం చెప్పలేకపోయినాను. తరువాత కొన్నాళ్ళు ఆలోచించి చెప్పినది ఇది.

తెలిసి తెలిసి కాదు, తెలియకనే. అసలు మందు మేలు చేస్తుందని ముందే నిశ్చయంగా తెలిసి ఉంటే చీటీ వేయుట పాపమే. అది కీడు చేస్తుందని తెలిసినా పాపమే. ఏదీ తెలియని స్థితిలో, తెలియదని నిజాయితీగా ఒప్పుకొన్నప్పుడు మాత్రమే చీటీకి చోటున్నది. ఆ రోజున ఉత్త మందు పడినవాడు నష్టపోయినాడని మనం ఇప్పుడు అనుకొంటున్నాము. అది తెల్లకణాలను అణచే మందు. ఆ 152 మందిలో కొందరు దానివలననే ప్రాణాంతకమైన జబ్బున పడి ఉంటే, చీటీ ఎవరికి కలిసివచ్చినట్లు? అదీగాక, ఉత్త మందు అనగా చికిత్స లేదని అర్థం కాదు. నొప్పి వచ్చినప్పుడు ఆనాడు తెలిసిన ఉపశమనాలన్నీ ఇద్దరికీ సమానమే. ఆ పైన కలిపి చూచినది ఒక్క ఈ మందునే.

అయినా సగం మంది ఎందుకు? అందరికీ ఇచ్చి, తగ్గినదో లేదో చూడరాదా? చూడవచ్చును, మోసపోవచ్చును. ఈ వ్యాధిలో నొప్పి తనంతట తాను హెచ్చుతుంది, తగ్గుతుంది. ఎవరైనా వైద్యుని వద్దకు పరుగెత్తేది బాధ పరాకాష్ఠకు చేరినప్పుడే. ఆ తరువాత ఏ మందూ వేయకున్నా కొంత తగ్గుట సహజం. అప్పుడు చేతిలో ఉన్నది వేపాకైనా, తాయెత్తైనా, మాత్రయైనా ఆ కీర్తి దానిదే అవుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నావికావైద్యుడు పండ్ల చిగుళ్ళు కుళ్ళే జబ్బుతో పడియున్న 12 మంది నావికులను ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసి, నారింజ, నిమ్మపండ్లు తిన్న జంట లేచి తిరిగినదని చూపినాడు. పోల్చుటకు పక్కన మరొకడు ఉండవలెనన్న ఈ చిన్న సంగతి చికిత్సాశాస్త్రంలో స్థిరపడుటకు మరి రెండువందల ఏండ్లు పట్టినది.

స్థిరపరచినది క్షయవ్యాధి. యుద్ధానంతరం బ్రిటనులో స్ట్రెప్టోమైసిన్ చాలినంత లేదు. అందరికీ ఇచ్చుటకు లేనప్పుడు ఎవరికి ఇవ్వవలెను? బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే గణాంకవేత్త ఆ కొరతనే అవకాశంగా తీసికొని, మూసిన కవర్లలో యాదృచ్ఛికంగా వ్రాసి ఉంచిన నిర్ణయం ప్రకారం 107 మంది రోగులను విభజించినాడు. 55 మందికి మంచంమీది విశ్రాంతితోపాటు మందు. 52 మందికి ఆనాటి ఆచారం ప్రకారం విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మందు పొందినవారిలో నలుగురు, పొందనివారిలో 14 మంది మరణించినారు. 1948లో ఈ ఫలితం వెలువడినది. మందు పొందనివారికి తాము ఒక పరీక్షలో ఉన్నామని కూడా ఎవరూ చెప్పలేదు. ఆనాడు అది ఎవరికీ తప్పుగా తోచలేదు. యుద్ధకాలపు బందీలమీద నాజీ వైద్యులు చేసిన ఘోరాలను విచారించిన న్యూరెంబర్గ్ తీర్పులో, మనిషి స్వచ్ఛందమైన అంగీకారం లేనిదే అతనిపై ఏ ప్రయోగమూ తగదని 1947లోనే వ్రాసియున్నారు. ఆ మాట ఆసుపత్రుల వార్డులలోనికి నడిచివచ్చుటకు కాలం పట్టినది. 1964లో హెల్సింకిలో ప్రపంచ వైద్యుల సంఘం దానిని వైద్యులకు ధర్మంగా విధించినది.

చీటీ తరువాత రెండవ కట్టుబాటు చీకటి. ఏది అసలో ఏది ఉత్తదో రోగికీ తెలియరాదు, వైద్యునికీ తెలియరాదు. ఇది కూడా నా మిత్రునికి మొదట కపటంగానే తోచినది. కాని మేమిద్దరం పనిచేసినచోట ఒక ఆచారం ఉండేది: ముక్క ఏ హీట్‌కు చెందినదో తెలియకుండా సంఖ్య మాత్రమే వేసి బల్లమీద పెడితే కొలత ఎక్కువ నిక్కచ్చిగా వస్తుంది. మంచి హీట్ అని ముందే విన్న కన్ను సూదిని కొంచెం పైకే చదువుతుంది. దొంగతనం కాదు, కంటి స్వభావం. హైడ్రాక్సీయూరియా పరీక్షలో ఈ చిక్కు ఎక్కువ. ఆ మందు వేసికొన్నవారి రక్తకణాల లెక్క మారిపోతుంది గనుక లెక్క చూచిన వైద్యుడు ఇట్టే పట్టేస్తాడు. అందుకని ఆ లెక్కలు చికిత్సచేసే వైద్యునికి చూపక, వేరొక కేంద్రానికి పంపినారు. మోతాదు పెంచుమనీ తగ్గించుమనీ ఆ కేంద్రమే చెప్పేది; ఉత్త మందువారికి కూడా అప్పుడప్పుడు ‘తగ్గించుము’ అని వ్రాసేవారు. ఈ సంగతి విని నా మిత్రుడు మొదటిసారి నవ్వినాడు. “మన పరీక్షాశాల పెద్ద ఎవడో అక్కడ చేరినాడు” అన్నాడు.

చీకటిలో అందరూ లేరు. లోపలి లెక్కలు తెరచి చూచే అధికారం గల ఒక చిన్న సంఘం విడిగా ఉంటుంది. ఒక వైపున మేలో కీడో స్పష్టంగా మొగ్గినదని వారికి తోచిననాడు, గడువు రాకున్నా పరీక్షను ఆపుమని చెప్పగలరు. ఆ 299 మంది పరీక్షను 1995 జనవరిలో అట్లాగే గడువుకు ముందే ఆపినారు. మేలు జరుగుతున్నది గనుక ఇక ఉత్త మందు ఇచ్చుట న్యాయం కాదని. నా మిత్రుని కోపం కొంత చల్లారినది ఈ మాటతోనే.

ఒక మందు రోగివద్దకు వచ్చే మెట్లను గురించి పుస్తకాలన్నీ వివరంగానే చెబుతాయి కనుక నేను క్లుప్తంగా ముగిస్తాను. జంతువులమీద చూచిన తరువాత, మొదట కొద్దిమంది మనుషులకు, సాధారణంగా ఆరోగ్యవంతులకు, ఇచ్చి శరీరం ఓర్చుకొంటుందా అని చూస్తారు. పిదప కొన్ని పదుల, వందల రోగులలో మోతాదు, ఫలితపు జాడ. మూడవ మెట్టున వందలు, వేలమందిని చీటీతో విభజించి అసలు తీర్పు. అంగడికి వచ్చిన తరువాత నాలుగవది, ఎన్నటికీ పూర్తిగా ముగియనిది. మన దేశంలో 2009 జూన్ 15 తరువాత ప్రతి పరీక్షనూ మొదలుపెట్టకముందే బహిరంగ పట్టికలో నమోదు చేయవలెను. 2019లో కొత్త నియమావళి వచ్చినది. పరీక్ష జరిగేచోట నైతిక సంఘం ఉండవలెను. అందులో వైద్యులు కానివారు కూడా ఉండవలెను. ఆ పట్టికను ఎవరైనా చూడవచ్చునని చెప్పినప్పుడు నా మిత్రుడు, “ఇంగ్లీషులోనా?” అని అడిగినాడు. ఇంగ్లీషులోనే.

ఆయన తరువాతి ప్రశ్న నేను ఊహించనిది. “ఆ 299 మంది అమెరికావారు గదా. వారి ఉక్కు వేరు, మన ఉక్కు వేరు కాదా?”

నిజంగానే వేరు. మన దేశంలో ఈ వ్యాధి ఉన్న చాలామందిలో ఆ కొడవలి లక్షణం ఆఫ్రికా సంతతివారిలోకంటే భిన్నమైన వంశపరంపరది. శిశు హీమోగ్లోబిన్ కొంత హెచ్చుగా ఉంటుంది. కనుక వారి మోతాదు మనకు అవసరమా, తక్కువతో సరిపోదా అన్నది ఇక్కడనే తేల్చవలసిన ప్రశ్న. తేల్చినది నాగపూరులో, భిలాయి మీదుగా పోయే హౌరా బొంబాయి బండి ఆగే ఊరే. అక్కడి వైద్యులు తీవ్రంగా బాధపడుతున్న 60 మంది పిల్లలను చీటీతో విభజించి, సగం మందికి శరీరపు బరువులో కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున తక్కువ మోతాదు మందు, సగం మందికి ఉత్త మందు ఇచ్చి, ఏడాదిన్నర చూచి, 2012లో ఫలితం ప్రకటించినారు. తక్కువ మోతాదు కూడా మేలు చేసినది. నా మిత్రుని చీటీమీద ఉన్న మోతాదును పిల్ల బరువుతో భాగించి చూచినాను. ఇంచుమించు ఆ లెక్కే.

ఈ ముక్క విన్నప్పుడు ఆయన ముఖంలో కలిగిన మార్పు అమెరికా లెక్కలకు కలుగలేదు. నాగపూరు పిల్లలు ఆయనకు తెలిసిన పిల్లలు. ఆ ముప్పదిమంది ఉత్త మందు పిల్లల తల్లులు ఏమనుకొన్నారో అని చాలాసేపు అన్నాడు.

పేదదేశానికి దాని ప్రశ్న దానికే ఉంటుందని దక్షిణాన మరొక పరీక్ష ఇంతకుముందే చూపియున్నది. క్షయరోగికి శానిటోరియంలో మంచం, మంచి ఆహారం, విశ్రాంతి తప్పవని లోకమంతా నమ్ముతున్న రోజులవి. మన దేశంలో రోగులు లక్షలు, మంచాలు వేలు. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంవారు 193 మంది పేద రోగులను చీటీతో విభజించి, కొందరిని శానిటోరియంలో చేర్చి, కొందరిని తమ గుడిసెలలోనే ఉంచి, ఇద్దరికీ ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చినారు. ఇంట ఉన్నవారు తక్కువ తిన్నారు, ఎక్కువ కష్టపడినారు. అయినా సంవత్సరాంతానికి ఇంచుమించు వారితో సమానంగా కోలుకొన్నారు. వారి ఇంటివారికి జబ్బు అంటుట కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఈ ఫలితం వెలువడిన తరువాత క్షయరోగిని ఇంటినుండి, పనినుండి, పిల్లలనుండి విడదీయవలసిన అగత్యం క్రమంగా తొలగిపోయినది. ప్రపంచమంతటా.

ఇక చెప్పక తప్పనిది, చెప్పుటకు నాకు ఇష్టం లేనిది. నా మిత్రుడు ఆశ్రమ పాఠశాలలో చదివినవాడని ముందే చెప్పినాను. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో, 10 నుండి 14 సంవత్సరాల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు రాకుండా కాపాడే టీకా వేయుట మొదలైనది. పాత్ అనే అమెరికా ఆరోగ్యసంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లో వడోదర జిల్లాలో కూడా జరిగినది. టీకాకు అనుమతి అప్పటికే ఉన్నది. బాలికలలో చాలామంది గిరిజనులు, ప్రభుత్వ హాస్టళ్ళలో ఉండేవారు. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపివేసినారు. మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణ సంఘానికి కనబడలేదు. ఆ మాట నేను దాచను. కాని అదే సంఘం అంగీకార పత్రాలను తిరగవేసి చూచినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రాలలో 1,948 వేలిముద్రలు. 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు. ఇది అసలు పరీక్షయే కాదు, ప్రదర్శన కార్యక్రమమని నిర్వాహకులు వాదించినారు. పరీక్షయేనని 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తన 72వ నివేదికలో తేల్చినది.

భద్రాచలం పేరు వినగానే నా మిత్రుడు తల ఎత్తినాడు. బస్తరు దక్షిణపు కొసకు అది పొరుగూరు. మిరపకాయ కోతలకు వారి బంధువులు ఆ వైపునకే పోయేవారు.

“మా హాస్టలులో కూడా వార్డెనే అన్నిటికీ సంతకం పెట్టేవాడు” అన్నాడు. “జ్వరం మందుకు, జాతరకు పోవుటకు, తల గొరిగించుటకు. మంచివాడే. మా నాయనకు చెప్పవలెనని ఆయనకు తోచలేదు. చెబితే మా నాయన వద్దనేవాడూ కాదు. వార్డెను చదువుకొన్నవాడు గదా.” కొంతసేపు ఆగి, “అందుకే ఆయన అడగవలసింది” అన్నాడు.

నేను ఈ విషయంమీద చదివిన వందల పుటలలో అంగీకారాన్ని గురించి ఇంతకంటే సూటి అయిన మాట కనబడలేదు. కాదనేవానిని అడుగుట కష్టం కాదు. వాడు తన్ను తాను కాపాడుకొంటాడు. ఔననుట తప్ప వేరే ఎరుగనివానిని కూర్చోబెట్టి, నీకిది మేలు చేయకపోవచ్చును, చీటీలో నీకు ఉత్తదే రావచ్చును, ఎప్పుడైనా లేచిపోవచ్చును, పోయినా నీ మామూలు చికిత్స ఆగదు అని వాని భాషలో చెప్పుట కష్టం. కొత్త ఔషధాల పరీక్షలలో నిస్సహాయులైనవారి అంగీకారాన్ని దృశ్య శ్రవణ యంత్రంలో రికార్డు చేయవలెనని మన నియమాలలో ఇప్పుడు ఉన్నది. యంత్రం ఔనన్న మాటను పట్టగలదు. అర్థమైనదో లేదో పక్కన కూర్చున్నవాడే కనిపెట్టవలెను.

మేము కోసిన పట్టాముక్కను ఎవరూ అడుగలేదు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఎన్నడూ తట్టలేదు; ఎందుకు తట్టాలి?

అన్ని మెట్లూ ఎక్కి వచ్చిన మందు కూడా నమ్మదగినదేనా అని పిల్ల తల్లి ఒకనాడు నేరుగా నన్నే అడిగింది. అందుకు ఈ వ్యాధిలోనే ఒక ఉదాహరణ ఉన్నది. చెప్పితే భయపడుతుందేమోనని సందేహించి, దాచుట అంతకంటే తప్పని చెప్పినాను. వోక్సెలోటర్ అనే మందు వేసికొన్నవారిలో హీమోగ్లోబిన్ పెరిగినదని పరీక్షలో తేలినందువలన 2019 నవంబరులో అమెరికాలో దానిని త్వరిత పద్ధతిలో అనుమతించినారు. నొప్పి తగ్గినదని అప్పటికి రుజువు కాలేదు. అంకె పెరిగినది గనుక బాధ కూడా తగ్గుతుందని ఆశించినారు. అనుమతి తరువాత కూడా పరీక్షలు సాగినవి. వాటిలో నొప్పులు, మరణాలు మందు వేసికొన్నవారిలోనే ఎక్కువగా కనబడుటచేత, 2024 సెప్టెంబరులో ఫైజర్ కంపెనీ ఆ మందును ప్రపంచమంతటా వెనుకకు తీసికొన్నది.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నా మిత్రుడే ఆమెకు వివరించినాడు: “హార్డ్‌నెస్ అంకె బాగుంటుంది బేటీ. పట్టా పగిలేది దారిలో. అంకెను చూచి పంపితే అంతే. ఈ నీ మందులో వారు లెక్కపెట్టినది అంకెను కాదు, నొప్పినే.”

ఇంత బాగా నేను చెప్పియుండను.

మందు మొదలుపెట్టి ఇప్పటికి ఏడాది దాటినది. నెలకొకసారి పిల్లను ఆసుపత్రికి తీసికొనిపోయి రక్తపు లెక్క చేయిస్తాడు. తెల్లకణాలు తగ్గినచో మోతాదు ఆపవలసి ఉంటుంది గనుక ఇందులో ఏమరుపాటు పనికిరాదు. పరీక్షాశాల రిజిస్టరు పద్ధతిలో గీతలు గీచిన నోటుపుస్తకంలో తేదీ, బరువు, లెక్క, నొప్పి వచ్చిన రోజులు వ్రాస్తాడు. మొన్న సంక్రాంతికి మా ఇంటికి అరిసెలు తినుటకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెచ్చినాడు. క్రిందటి చలికాలంలో ఐదుసార్లు. ఈ చలికాలంలో రెండుసార్లు.

“ఇది మందువలననా, ఈ ఏడు చలి తక్కువైనందువలననా, రావ్‌జీ?”

ఒక్క పిల్లనుబట్టి చెప్పలేమన్నాను. ఆయన పుస్తకం మూసి, వ్రేళ్ళు మడిచి ఏదో లెక్క చూచుకొన్నాడు.

“అందుకేనా ఆ 299 మంది” అన్నాడు. పిల్లకు రాత్రి మందు వేసే వేళయినదని, రెండు అరిసెలు కాగితంలో చుట్టించుకొని లేచినాడు.